ఉమ్మడి ఇంటికి కంప్యూటరు పద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో పట్నంలో ఇళ్ల ధరలు వింటుంటే ఆ సామెతకు మూడో ముక్క ఒకటి తగిలించాలనిపిస్తుంది - నలుగురు కలిసి ఇల్లు కొని చూడు అని. ఒక్క జీతం మీద ఇల్లు కొనడం కష్టమైపోయింది గనుక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఒక్కోసారి ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు డబ్బు కలిపి ఇల్లు కొంటున్నారు. ఇంగ్లండులో దీనికి ఇంకొక రూపం ఉన్నది. అక్కడ షేర్డ్ ఓనర్‌షిప్ అనే పథకం కింద మనిషి ఇంటిలో కొంత వాటా మాత్రమే కొని, మిగతా వాటాకు హౌసింగు సంస్థకు అద్దె కడుతూ, చేతిలో డబ్బు చేరినకొద్దీ మెట్టు మెట్టుగా వాటా పెంచుకుంటాడు. 2021లో వచ్చిన కొత్త పద్ధతిలో నూటికి పది వంతులతోనైనా మొదలుపెట్టవచ్చు. మనవాళ్ల మధ్య జరిగేది అది కాదు. మనది పొత్తు. పొత్తులో ఉండే సుఖమూ, పొత్తులో ఉండే పేచీ రెండూ ఇందులో ఉన్నాయి.

అలాంటి పొత్తు ఇంటి లెక్కలు చూసుకోవడానికి ఒక వెబ్ అప్లికేషను కట్టాలంటే ఏమేమి ఆలోచించాలో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. దీన్ని ఈ విద్య తెలిసినవాళ్లు 'ఫుల్ స్టాక్' అప్లికేషను అంటారు. మా ఇంట్లో ఈ మాట చెబితే గోదాములో సరుకు నిండుగా ఉందనుకున్నారు. స్టాక్ అంటే ఇక్కడ దొంతర. ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు అరలను ఒకే మనిషి, లేదా ఒకే చిన్న జట్టు, పైనుంచి కింది దాకా తయారుచేస్తే అది ఫుల్ స్టాక్ పని.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఎప్పుడైనా వెళ్లినవారికి ఈ మూడు అరలు తేలికగా అర్థమౌతాయి. మనం వెళ్లి నిలబడే కౌంటరు ఒకటి. మన కాగితం పట్టుకుని చూసి, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని చెప్పే గుమాస్తా ఒకరు. లోపల బీరువాల్లో దస్తావేజుల పుస్తకాలు పెట్టిన రికార్డు గది ఒకటి. వెబ్ అప్లికేషనులో కౌంటరు అంటే మన ఫోనులోనో కంప్యూటరులోనో కనిపించే తెర. గుమాస్తా అంటే సర్వరు. రికార్డు గది అంటే డేటాబేసు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ఊహను కాగితం మీద పెట్టిన తరువాత ఈ మూడింటికీ పనిముట్లు ఎన్నో వచ్చాయి. తెరకు 1995లో పుట్టిన జావాస్క్రిప్టు భాష, దాని మీద 2013లో బయటికి వచ్చిన రియాక్టు. సర్వరుకు 2009 నాటి నోడ్. డేటాబేసుకు బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పరిశోధన నుంచి పెరిగిన పోస్టుగ్రెస్. ఇవన్నీ రుసుము లేకుండా దొరుకుతాయి. మన కంప్యూటరు ల్యాబులో ఉన్న యంత్రాల మీద నడుస్తాయి. కాబట్టి పనిముట్ల గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు. పదేళ్లకు వీటి పేర్లు మారిపోవచ్చు కూడా. మారనిది లోపలి లెక్క. పేచీ వచ్చేదీ దానిలోనే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ముగ్గురు తోబుట్టువులు. అన్న హైదరాబాదులో, చెల్లెలు అమెరికాలోని డల్లాసులో, తమ్ముడు గుంటూరులో ఉన్నారు. ముగ్గురూ కలిసి హైదరాబాదులో 60 లక్షలకు ఒక ఇల్లు కొన్నారు. 18 లక్షలు ముందుగా కట్టారు - అన్న 9, చెల్లెలు 6, తమ్ముడు 3. మిగతా 42 లక్షలకు ముగ్గురి పేర బ్యాంకు అప్పు. నెల వాయిదా లెక్కకు వీలుగా 36,000 అనుకుందాం. రిజిస్టరు చేసిన దస్తావేజులో వాటాలు స్పష్టంగా రాశారు: అన్నకు సగం, చెల్లెలికి మూడో వంతు, తమ్ముడికి ఆరో వంతు. ఇల్లు అద్దెకిచ్చారు, నెలకు 25,000.

ఇప్పుడు ప్రాజెక్టు చేసే విద్యార్థి మొట్టమొదట ఏం చేస్తాడు? 'ఇల్లు' అని ఒక పట్టిక గీస్తాడు. చిరునామా, విస్తీర్ణం, ధర, దాని పక్కన 'యజమాని పేరు' అని ఒక గడి. ఆ ఒక్క గడి దగ్గరే అన్యాయం మొదలైంది. గడి ఒకటే అయితే అందులో పడే పేరు ఎవరిది? పెద్దవాడిది. రెండో పేరు కోసం 'యజమాని-2' అని ఇంకో గడి పెడతారు, మూడో మనిషి వస్తే మళ్లీ తడుముకుంటారు. సాధారణంగా బయట మిగిలిపోయేది అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్ల పేరే. ఇటువంటి ప్రోగ్రాము కొన్న ఇంటికే కాదు, తాతల నాటి ఇంటికీ వాడతారు గదా. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించి. దేశమంతటికీ అటువంటి సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదు, ఆ హక్కు కూతురికి పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇన్ని మెట్లు ఎక్కి వచ్చాక మనం గీసిన పట్టికలో ఆమెకు గడి లేకపోతే ఎలా?

దీనికి మందు 1970లోనే దొరికింది. ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరం ప్రచురించిన పత్రంలో సమాచారాన్ని పట్టికలుగా, పట్టికల మధ్య సంబంధాలుగా చూపే పద్ధతి చెప్పాడు. దాని ప్రకారం మనుషులు ఒక పట్టిక, ఇళ్లు ఒక పట్టిక. 'ఎవరికి, ఏ ఇంట్లో, ఎంత' అన్నది మూడో పట్టిక. ఇందులో ఒక్కొక్క వరుస ఒక్కొక్క వాటా. ముగ్గురుంటే మూడు వరుసలు, పదిమంది ఉంటే పది. ఇందులో పెద్దకొడుకు వరుస, చిన్నకూతురు వరుస అనే తేడా ఉండదు. అన్నీ ఒకే రకం వరుసలు.

సరే, వరుస గీశాం. వాటా ఎలా రాయాలి? తమ్ముడి ఆరో వంతును 0.1667 అని రాస్తే ఏం పోయింది అనవచ్చు. 0.5, 0.3333, 0.1667 కూడితే ఒకటి వస్తుంది, నిజమే. కాని తమ్ముడు తన వాటాలో మూడో వంతు అమ్మితే? దాన్ని ఇద్దరు పిల్లలు పంచుకుంటే? నాలుగు చేతులు మారేసరికి మొత్తం 0.9998 అవుతుంది. ఇంటిలో పదివేలలో రెండు వంతులు గాలిలో కలిసిపోయాయన్నమాట. కంప్యూటరు సంగతి ఇంకా తమాషా. అది రెండంకెల పద్ధతిలో లెక్క పెడుతుంది గనుక పదో వంతును కూడా సరిగ్గా రాయలేదు. జావాస్క్రిప్టులో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని చూపిస్తుంది. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, వచ్చిపడుతున్న స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. దాని గడియారం సెకనులో పదో వంతులుగా కాలాన్ని కొలిచేది. ఆ పదో వంతు 24 బిట్లలో పూర్తిగా ఇమడక తోక తెగిపోయింది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ తోకలన్నీ కలిసి సెకనులో మూడో వంతు దాకా తేడా తెచ్చాయి.

ఇంటి వాటాలో ప్రాణాలు పోవు గాని, మనుషుల మధ్య మాటలు పోతాయి. కనుక వాటాను భిన్నంగానే ఉంచాలి. లవము ఒక పూర్ణసంఖ్య, హారము ఒక పూర్ణసంఖ్య, రెండు గడులు. ఆరో వంతు అంటే 1, 6. కూడేటప్పుడు ఐదో తరగతిలో నేర్చిన క.సా.గు. లెక్కే. మొత్తం సరిగ్గా ఒకటి కాకపోతే ఆ మార్పును డేటాబేసే తిరగ్గొట్టాలి. ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. పాతకాలపు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. మూడో వంతు అంటే 64 పైలు, ఆరో వంతు 32 పైలు, ఎక్కడా శేషం లేదు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలు అయ్యాయి. నూరును మూడుతో భాగించి చూడండి! దశాంశ పద్ధతి వల్ల లాభాలు వెయ్యి ఉన్నాయి గాని, ముగ్గురు పంచుకునే ఇంట్లో మాత్రం తాతగారి అణాల లెక్కే నయం.

అద్దె పంచేటప్పుడు ఈ ఇబ్బంది కళ్లకు కడుతుంది. 25,000 రూపాయలంటే 25 లక్షల పైసలు. డబ్బు కూడా పైసల్లో పూర్ణసంఖ్యగానే రాసుకోవాలి. అన్నకు 12,50,000. చెల్లెలికి 8,33,333, ఇంకా మూడో వంతు పైస. తమ్ముడికి 4,16,666, ఇంకా మూడింట రెండు వంతుల పైస. ముక్కలు వదిలేస్తే ఒక పైస మిగులుతుంది. ఎవరికివ్వాలి? పెద్ద ముక్క ఎవరికి మిగిలిందో వారికి ఇవ్వమనేది ఒక పద్ధతి. అప్పుడు ప్రతి నెలా తమ్ముడికే పోతుంది. సంవత్సరానికి చెల్లెలు నాలుగు పైసలు నష్టపోతుంది. నాలుగు పైసలకు ఎవరూ కోర్టుకు పోరు, నిజమే. కాని మీట నొక్కి మొత్తం చూసుకుంటే లక్ష రూపాయలకు బదులు 99,999.96 కనిపించిందంటే, ఇంకా ఎక్కడెక్కడ కోశారో అన్న అనుమానం పుడుతుంది. అందుచేత ఈ నెల మిగిలిన ముక్కను పారేయకుండా ఎవరి ముక్క వారి పేరనే వచ్చే నెలకు మోయాలి. మూడు నెలలకొకసారి లెక్క సున్నాకు వస్తుంది.

ఇక అసలు విషయం. తమ్ముడి ఉద్యోగం పోయింది. నెలకు తన వంతు ఆరు వేల వాయిదా ఆరు నెలలు కట్టలేదు. అన్న కట్టాడు. ఇంకొక పక్క వానకు డాబా కారితే మరమ్మతుకు అయిన 90,000 డల్లాసు నుంచి చెల్లెలు పంపింది. ఇప్పుడు ఇంట్లో ఎవరి వాటా ఎంత? ఇలాంటి అప్లికేషను గురించి మాట్లాడితే పదిమందిలో ఆరుగురు ఒకే మాట అంటారు: ఎవరు ఎంత పెట్టారో కంప్యూటరుకు తెలుసు గదా, ఆ నిష్పత్తిలో వాటాలు దానంతటదే మార్చేస్తే సరి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు.

మా వైపు అన్నదమ్ములకు ఉమ్మడి బోరు ఉంటుంది. ఇద్దరికీ గంటల చొప్పున వంతులు. మోటారు కాలిపోతే వైండింగు ఖర్చు ఎవరి చేతిలో డబ్బు ఉంటే వారు పెట్టుకుంటారు. పంట చేతికొచ్చాక కూర్చుని లెక్క చూసుకుంటారు. అంతేగాని నువ్వు వైండింగుకు డబ్బివ్వలేదు కనుక బోరులో నీ వాటా నాది అని ఎవరూ అనరు. వాటా వేరు, బాకీ వేరు. ఈ తేడా చదువు రానివారికి తెలుసు, చదువుకున్నవాడు రాసే ప్రోగ్రాములోకి రావడమే కష్టంగా ఉంది.

చట్టం కూడా అలాగే చూస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను ప్రకారం పలువురు తమ తమ సొంత డబ్బుతో కలిసి ఆస్తి కొన్నప్పుడు, వేరే ఒప్పందమేమీ లేకపోతే, కొనుగోలు సొమ్ములో ఎవరు ఎంత పెడితే అంత వాటా. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే అందరికీ సమానమని భావిస్తారు. అంటే దస్తావేజులో వాటాలు రాయకుండా, రశీదులు దాచకుండా ఊరుకుంటే సగం పెట్టిన అన్నకూ ఆరో వంతు పెట్టిన తమ్ముడికీ చెరొక మూడో వంతే. ఒకసారి వాటాలు కుదిరాక వాటిని మార్చాలంటే మళ్లీ దస్తావేజు కావలసిందే. వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి హక్కు చేతులు మారే పత్రాలను రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను చెబుతుంది. తెర మీద బొమ్మ మారినంత మాత్రాన తమ్ముడి వాటా తరగదు. బ్యాంకుకైతే వాటాలతో పనే లేదు. కలిసి అప్పు తీసుకున్నవారిలో ఎవరినైనా మొత్తం కట్టమని అడిగే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ఇస్తుంది. ఆరో వంతు తమ్ముడిని పట్టుకుని మొత్తం వాయిదా కట్టమనవచ్చు. వేరే మాట అనుకోకుండా ఉంటే, ఎక్కువ కట్టినవారు మిగతావారి నుంచి వారి వంతు రాబట్టుకోవచ్చని అదే సెక్షను చెబుతుంది. ఇవతల వాటా, అవతల బాకీ. రెండూ ఒకే పుస్తకంలో రాయకూడదని అర్థం.

కాబట్టి మన డేటాబేసులో రెండు చిట్టాలు ఉండాలి. మొదటిది వాటాల చిట్టా. ఇందులో వరుస పడాలంటే రిజిస్టరయిన దస్తావేజు నెంబరు, తేదీ తప్పనిసరి. అవి లేకపోతే గుమాస్తా, అంటే సర్వరు, ఆ కోరికను తీసుకోకూడదు. రెండోది జమాఖర్చుల చిట్టా. వాయిదాలు, మరమ్మతులు, ఇంటి పన్ను, అద్దె అన్నీ ఇందులోకి. అన్న కట్టిన 36,000 ఇక్కడ తమ్ముడి పేర బాకీగా, అన్న పేర రావలసినదిగా రెండు వరుసలు పడతాయి. ఇది కొత్తదేమీ కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పచోలి వివరించిన జంటపద్దు విధానమే. ప్రతి ఖర్చుకూ రెండు కాళ్లుంటాయి, రెండూ కూడితే సున్నా. మన కామర్సు మిత్రులకు ఇది మొదటి సంవత్సరం పాఠం. సైన్సు వాళ్లం ఒక్కసారి వాళ్ల క్లాసులో కూర్చుంటే మంచిది.

ఈ చిట్టాల్లో ఏ వరుసనూ కొట్టివేయకూడదు, దిద్దకూడదు. పొరపాటు అంకె పడితే దాన్ని రద్దు చేసే వరుస ఒకటి, సరైన వరుస ఇంకొకటి కింద రాయాలి. ఇల్లు కొనేముందు మనవాళ్లు ఈసీ తీయిస్తారు గదా. అందులో ఎవరు ఎవరికి ఎప్పుడు అమ్మారో, ఎప్పుడు తాకట్టు పెట్టారో వరుసగా ఉంటుంది గనుకే దానికి విలువ. చివరి యజమాని పేరొక్కటే ఉంటే ఎవరు నమ్ముతారు? 'ఇప్పుడు ఎవరికి ఎంత' అన్న దానికి వేరే గడి పెట్టనక్కరలేదు. మొదటి నుంచి వరుసలు కూడితే అదే తేలుతుంది. ఉదాహరణకు తమ్ముడు తన ఆరో వంతును చెల్లెలికి అమ్మి రిజిస్టరు చేశాడనుకోండి. తమ్ముడికి ఆరో వంతు తీసివేత, చెల్లెలికి ఆరో వంతు చేర్పు. మూడో వంతుకు ఆరో వంతు కలిపితే సగం. మొత్తం ఒకటి, తేడా లేదు.

అయితే మొదటి వరుస రాసి రెండో వరుస రాసేలోగా కరెంటు పోతే? మా ఊళ్లో పెరిగినవాడికి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. తమ్ముడి వాటా పోయింది, చెల్లెలికి చేరలేదు. దీనికే డేటాబేసుల్లో ట్రాన్సాక్షను అనే ఏర్పాటు ఉంది. రెండు వరుసలనూ ఒక మూటగా కడతారు. పడితే రెండూ పడతాయి, లేకపోతే రెండూ పడవు. ఈ సిద్ధాంతాన్ని తీర్చిదిద్దిన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఒకే వాటాను ఒకే నిమిషంలో అన్న ఒక పక్క, చెల్లెలు ఒక పక్క కొంటానని మీట నొక్కినా ఇదే కాపాడుతుంది. ఒకరి మూట ముడిపడే దాకా రెండోవారిని వాకిట్లో నిలబెడుతుంది.

తేదీల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా తలనొప్పి. ప్రతి వరుసకూ రెండు తేదీలు కావాలి - పని జరిగిన తేదీ, పుస్తకంలో రాసిన తేదీ. దస్తావేజు 5న రిజిస్టరై 20న నమోదైతే ఆ మధ్య వచ్చిన అద్దె ఎవరిదో తేల్చడానికి మొదటి తేదీ, ఎవరు ఆలస్యం చేశారో చూడడానికి రెండోది. హైదరాబాదులో ఏప్రిల్ 1 ఉదయం ఆరు గంటలకు అద్దె జమైతే, డల్లాసులో చెల్లెలి ఫోనులో అది మార్చి 31 సాయంత్రం ఏడున్నర. ఆమె తెర మీద ఆ అద్దె పోయిన ఆర్థిక సంవత్సరంలో పడిపోతుంది! వాటాలు స్పష్టంగా ఉన్న ఉమ్మడి ఇంటి అద్దెను ఎవరి వాటా వారి ఆదాయంగా పన్నుకు లెక్కిస్తారు గనుక ఇది ఉత్త వినోదం కాదు. సర్వరులో ఒకే ప్రపంచ కాలంతో రాసి, ఆర్థిక సంవత్సరాన్ని మాత్రం ఇల్లున్న చోటి గడియారంతో లెక్కపెట్టాలి.

ఎవరు ఏం చేయవచ్చు అన్నది ఇంకొక సమస్య. గోడలకు రంగు వేయాలా వద్దా అంటే ఎక్కువమంది మాట చెల్లుతుంది. కాని ఎక్కువమంది అంటే తలలా, వాటాలా? సగం వాటా అన్నది, తలలు చూస్తే ముగ్గురిలో ఒకడే. దీనికి సమాధానం ప్రోగ్రాము రాసేవాడి దగ్గర లేదు, ఉండకూడదు. ముగ్గురూ ముందుగా కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. ప్రోగ్రాము దాన్ని అమలు చేయాలి. ఒకటి మాత్రం ఖాయం: ఎవరైనా తన వాటా అమ్ముకోవచ్చు గాని, పక్కవాడి వాటా అమ్మలేడు. అవిభక్త కుటుంబపు నివాసంలో వాటా కొన్న బయటివాడికి ఆ ఇంట్లో కలిసి కాపురముండే హక్కు రాదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను చెబుతుంది. అలాంటివాడు విభజనకు దావా వేస్తే కుటుంబంలోని వాటాదారు విలువ కట్టించి ఆ వాటా తానే కొనుక్కోవడానికి 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షను దారి ఇస్తుంది. అందుచేత 'వాటా అమ్మదలచాను' అన్న మీట నొక్కగానే ముందుగా మిగతా ఇద్దరికీ కబురు వెళ్లేటట్లు పెట్టడం మంచిది.

ఈ అనుమతులన్నీ సర్వరులోనే సరిచూడాలి. తెర మీద మీట కనిపించకుండా దాచాం గదా, చాలదా అంటారు కొందరు. కౌంటరు మీద 'లోపలికి రాకూడదు' అని బోర్డు పెట్టి రికార్డు గదికి తాళం వేయకపోవడం లాంటిది అది. తెర వెనుక నుంచి సర్వరుకు నేరుగా కోరిక పంపడం మన క్లాసులో ఏ కుర్రవాడికైనా చేతనవును. సంకేతపదాలను ఉన్నవి ఉన్నట్లు దాచకుండా, 1999లో వచ్చిన బీక్రిప్టు వంటి తిరుగులేని గుప్తరూపంలోకి మార్చి దాచాలి. దస్తావేజు నకలు పెట్టేటప్పుడు దాని వేలిముద్రలాంటి సంఖ్య ఒకటి లెక్కగట్టి పక్కన రాస్తే, తరువాత ఎవరైనా నకలు మార్చినా దొరికిపోతుంది. ఆధారు నకళ్లు మాత్రం అడగవద్దు. లేని వస్తువును ఎవరూ దొంగిలించలేరు.

ఇంటిని వెయ్యి ముక్కలు చేసి, ముక్కకొక డిజిటల్ టోకెను ఇచ్చి, ఫోనులోనే అమ్ముకోవచ్చునని చెప్పేవారు కూడా ఉన్నారు. పైన చెప్పిన 17వ సెక్షను ఉన్నంతకాలం మన దేశంలో ఆ టోకెను ఇల్లు కాదు. పెద్ద పెద్ద వాణిజ్య భవనాల్లో ముక్కలు కొనేవారి కోసం 2024లో సెబీ చిన్న రీట్ల నిబంధనలు తెచ్చింది. అందులో ఆస్తి కనీసం 50 కోట్లు, ఒక్కొక్కరు పెట్టవలసింది కనీసం 10 లక్షలు. అది మదుపు వ్యవహారం. మన ముగ్గురు తోబుట్టువులకూ దానికీ సంబంధం లేదు.

ప్రోగ్రాము పూర్తయిందనుకునే ముందు దాన్ని సతాయించి చూడాలి. ఇష్టం వచ్చినట్లు వేలసార్లు వాటాలు అమ్మించి, కొనిపించి, మధ్యలో సర్వరును ఆపి, ప్రతిసారీ మొత్తం ఒకటేనా అని కంప్యూటరు చేతనే అడిగించాలి. డేటాబేసు నకలు ప్రతి రాత్రీ వేరే ఊరి యంత్రంలోకి పోవాలి. నెలకొకసారి ఆ నకలు నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. ముగ్గురిలో ఎవరు అడిగినా మొత్తం చిట్టా కాగితం మీదికి దిగాలి. మన అప్లికేషను రేపు మూతపడినా వారి లెక్క వారి చేతిలో ఉండాలి గదా.

చివరికి ఇల్లు అమ్మే రోజు వస్తుంది. మధ్యలో చెప్పిన తమ్ముడి అమ్మకం జరగలేదనుకుని, మొదటి వాటాలతోనే చూద్దాం. బ్యాంకు బాకీ పోను 60 లక్షలు చేతికొచ్చాయి. వాటాల చిట్టా ప్రకారం అన్నకు 30 లక్షలు, చెల్లెలికి 20, తమ్ముడికి 10. జమాఖర్చుల చిట్టా ప్రకారం తమ్ముడు అన్నకు 36,000 బాకీ. డాబా మరమ్మతు 90,000లో చెల్లెలి సొంత వంతు 30,000 పోను, ఆమెకు అన్న 45,000, తమ్ముడు 15,000 ఇవ్వాలి. రెండు చిట్టాలూ ఇప్పుడు మాత్రమే, ఈ ఒక్కసారి మాత్రమే కలుస్తాయి. అన్నకు 29,91,000. చెల్లెలికి 20,60,000. తమ్ముడికి 9,49,000. కూడితే సరిగ్గా 60 లక్షలు. ఆరు నెలలు వాయిదా కట్టలేని తమ్ముడు తన ఆరో వంతు పోగొట్టుకోలేదు, తన బాకీ ఎగ్గొట్టనూ లేదు. ఎవరికి ఏ అంకె మీద అనుమానం వచ్చినా దాని మీద వేలు పెడితే వెనుక ఉన్న వరుసలు తెరుచుకోవాలి - ఏ నెల, ఎవరు, ఎంత, ఏ రశీదు.